రోడ్డెక్కే ముందు ఒక ఎకరం నేల

గౌరవనీయులు, తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,



చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పిల్లలు మోటార్ సైకిల్ పద్ధతిగా నేర్చుకోవడానికి మండలానికొక మైదానం, నేర్పడానికి తర్ఫీదు పొందిన మనుషులు కావాలని అడుగుతూ ఈ లేఖ రాస్తున్నాను. లైసెన్సు ఇవ్వడానికి మీ శాఖలో ఏర్పాటుంది. తప్పు చేస్తే చలాన్ వేయడానికి ఏర్పాటుంది. బండి ఎలా నడపాలో మా పిల్లలకు నేర్పే ఏర్పాటు మాత్రం మా ఊళ్లలో ఎక్కడా లేదు. పరీక్ష పెట్టేది ప్రభుత్వమే అయినప్పుడు పాఠం చెప్పే బాధ్యతలోనూ దానికి వాటా ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి.

ముందు మా దారి సంగతి. అప్పా జంక్షన్ దగ్గర మొదలై అజీజ్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా పోయే 46 కిలోమీటర్లను కాగితాల మీద జాతీయ రహదారి 163 అంటారు, మేం బీజాపూర్ రోడ్డు అంటాం. దారికి రెండు పక్కలా 900కు పైగా మర్రిచెట్లు. ఆ నీడను చూడటానికే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రోడ్డు మాత్రం రెండు వరుసలదే. భూసేకరణ, చెట్ల కేసు, జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారణ వీటన్నిటి మధ్య విస్తరణ ఏళ్ల తరబడి నలిగింది. అదే దారిలో తాండూరు, పరిగి, వికారాబాద్ బస్సులు, కంకర టిప్పర్లు, ఫామ్‌హౌసులకు పోయే కార్లు, చిలుకూరు బాలాజీ దర్శనానికి వచ్చే జనం, ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు, తెల్లవారకముందే పూలూ కూరగాయలూ వేసుకుని నగరానికి బయల్దేరే ట్రాలీ ఆటోలు. ఇన్నిటి మధ్య అంచు పట్టుకుని పోయేది మా పిల్లల బండి.

2024 డిసెంబర్ 2న ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చి ప్రాణాలు తీసింది. 2025 నవంబర్ 3 ఉదయం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు డిపో ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. సెలవుకు ఇంటికి వెళ్లి తిరిగి హైదరాబాద్ చదువులకు బయల్దేరిన పిల్లలు వాళ్లలో ఉన్నారు. కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల తప్పు గానీ, బస్సులో కూర్చున్న ప్రయాణికుల తప్పు గానీ రవ్వంత లేదు. అవి మోటార్ సైకిల్ ప్రమాదాలూ కావు. అయినా ఇక్కడ ఎందుకు ఎత్తుతున్నానంటే, మా పిల్లలు బండి నేర్చుకునే రోడ్డు అదే. తప్పులు చేస్తూ చేస్తూ దిద్దుకోవాల్సిన వయసు వాళ్లది. ఒక్క తప్పును కూడా క్షమించని దారి ఇది.

మా దగ్గర బండి ఎలా నేర్చుకుంటారో మీకు తెలియంది కాదు. అయినా దగ్గర నుంచి ఒకసారి చూడండి. మొయినాబాద్ చుట్టుపక్కల ఏ వెంచర్‌కైనా ఉదయం ఆరున్నరకు వెళ్లండి. ఇళ్లు ఇంకా లేవలేదు. హద్దురాళ్లు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి, ఎటు చూసినా సిమెంటు రోడ్లు. ఒక పిల్లవాడు స్ప్లెండర్ మీద ముందు కూర్చుంటాడు. వెనక చిన్నాయనో మేనమామో, రెండు కాళ్లూ నేలకు ఆనించీ ఆనించకుండా. "క్లచ్ మెల్లగ ఇడువు రా. జర రేస్ ఇయ్యి" అంటాడు పెద్దాయన. పిల్లవాడు క్లచ్ ఒక్కసారి వదిలేస్తాడు. బండి ఎగిరి ముందుకు దూకి ఆగిపోతుంది. మళ్లీ కిక్, మళ్లీ అదే. ఒకటి రెండు రోజుల్లో బండి ఆగిపోకుండా కదులుతుంది. "వచ్చేసిందిరా నీకు" అంటాడు మామ. వారం తిరగకముందే ఆ పిల్లవాడు వెంచర్ గేటు దాటి బీజాపూర్ రోడ్డు మీద ఉంటాడు. ఇద్దరిలో ఎవరి తల మీదా హెల్మెట్ ఉండదు.

ఆ మామను నేను తప్పుపట్టను. తనకు తెలిసింది ప్రేమగా చెప్పాడు. తనకూ అట్లాగే ఎవరో చెప్పారు. బండి కదిలించడం దాకా ఆ పాఠం చాలు. బండిని ఆపడం, తిప్పడం, ఎదుట ఏం రాబోతోందో కనిపెట్టడం ఆ పాఠంలో లేవు. ప్రాణాలు నిలబడేది ఈ మూడింటి మీదే.

బ్రేకు సంగతే తీసుకుందాం. "ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతవ్" అన్నది మా ఊళ్లలో ప్రతి కొత్త పిల్లవాడూ వినే మొదటి హెచ్చరిక. దాంతో జీవితమంతా కాలి బ్రేకు మీదే బతుకుతారు. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే వెనక బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు జారుతుంది. ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారి లాగకుండా, బరువు ముందుకు వాలేదాకా మెల్లగా నొక్కి, తర్వాత బిగించాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, కంకర మీద, ఇసుక మీద గట్టిగా నొక్కకూడదు. ఇది నోటితో చెబితే ఒంటబట్టదు. ఖాళీ నేల మీద, ఇరవై కిలోమీటర్ల వేగంతో, ఎవరో పక్కన నిలబడి చూస్తుండగా పదే పదే చేస్తేనే చేతికి వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న కొత్త బండ్లకు 125 సీసీ దాటితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. మా పిల్లలు నేర్చుకునేది మాత్రం ఎక్కువగా ఇంట్లో ఉన్న పాత బండి మీద. దానికి ఆ రెండూ ఉండవు.

వేగం లెక్క కూడా వాళ్లకు ఎవరూ చెప్పరు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లు పోతుంది. 60 మీద దాదాపు పదిహేడు మీటర్లు. అంటే అడ్డం వచ్చిన బర్రెను చూసి బ్రేకు మీద చెయ్యి పడేలోపే అంత దూరం పోయి ఉంటాం. ఆ తర్వాత బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఈ ఒక్క లెక్కను మైదానంలో సున్నం గీతలు గీసి, బండి ఎక్కడ ఆగిందో చూపించి చెబితే పిల్లవాడు ఇక మరిచిపోడు.

ఇక మా దారికే ప్రత్యేకమైన పాఠాలున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి మర్రిచెట్ల నీడలోకి దూరగానే కళ్లకు ఒక క్షణం చీకట్లు కమ్ముతాయి, ఆ క్షణంలో ఎదుటి బండి కనపడదు. వానపడ్డ రోజు రాలిన ఆకులూ పండ్లూ చెట్టు కింద రోడ్డును జారుడుగా చేస్తాయి. మలుపుల్లో టిప్పర్లు రాల్చిన కంకర అంచుకు చేరి ఉంటుంది. కోతల కాలంలో మక్కలూ వడ్లూ రోడ్డు మీద ఆరబోస్తారు. రాత్రి ఎదుటివాడు లైటు డిప్ చేయకపోతే ఎటు చూడాలి, ఎడమ అంచు ఎట్లా పట్టుకోవాలి? బస్సును దాటబోయే టిప్పర్ మన వైపుకు వస్తుంటే ముందే ఎట్లా పసిగట్టాలి? ఇవి ఏ లైసెన్సు పరీక్షలోనూ రావు. మా ఊరి పిల్లవాడికి మాత్రం మొదటి వారంలోనే ఎదురవుతాయి.

చట్టం ఏం చెబుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ చట్టానికీ మా వీధికీ మధ్య ఎంత దూరముందో చెప్పాలి. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకున్నాక కనీసం 30 రోజులు ఆగాకే డ్రైవింగ్ పరీక్ష. ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు. ఆ రోజులన్నీ ఎల్ బోర్డు పెట్టుకుని నేర్చుకోవాలని, మోటార్ సైకిల్ మీద నేర్పేవాళ్లను తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మంచి నిబంధన. నేర్పేవాళ్లు ఎక్కడున్నారు? మా దగ్గర డ్రైవింగ్ స్కూలంటే కారే. మోటార్ సైకిల్ నేర్పమంటే "ఇంట్లోవాళ్లు నేర్పలేదా" అని అడుగుతారు. ముప్పై రోజులు నేర్చుకోవడానికని చట్టం ఇచ్చిన గడువు, మా దగ్గర పరీక్ష తేదీ కోసం ఎదురుచూసే గడువుగా మారిపోయింది. ఆ తర్వాత కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె మీద తిరిగి వస్తే లైసెన్సు. నెమ్మదిగా పోయే బండిని అదుపులో పెట్టడం వచ్చా రాదా అన్నది ఆ ఎనిమిది చెబుతుంది. టిప్పర్ ఎదురొస్తే ఈ పిల్లవాడు ఏం చేస్తాడన్నది చెప్పదు.

పద్దెనిమిది నిండనివాళ్ల సంగతి ఇంకా క్లిష్టం. 1988 చట్టం పదహారేళ్లు నిండినవాళ్లకు 50 సీసీ లోపు బండికి అనుమతి ఇచ్చింది. అప్పుడు రోడ్ల మీద లూనా ఉంది, టీవీఎస్ 50 ఉంది. ఇవాళ షోరూముకు వెళ్తే 50 సీసీ పెట్రోలు బండి కనిపించదు. ఊళ్లో పాలక్యాన్లు మోసే ఎక్సెల్ కూడా ఇప్పుడు 100 సీసీదే. అనుమతి పుస్తకంలో మిగిలింది, బండి మార్కెట్లోంచి పోయింది. ఇంటర్ చదివే పిల్లవాడు నడిపేది 100 సీసీ, 125 సీసీ బండి, లైసెన్సు లేకుండా. 2019 సవరణతో 199-ఎ సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఆ శిక్ష ఉండాల్సిందే. మైనర్ చేతికి తాళం ఇవ్వకూడదని నేనూ గట్టిగా నమ్ముతాను. కానీ శిక్ష గురించి చెప్పడానికి ఊరూరా ఫ్లెక్సీలు కట్టే మనం, పద్దెనిమిది నిండిన రోజున ఆ పిల్లవాడికి "రా, ఇక్కడ నేర్చుకో" అని చూపించడానికి ఒక్క చోటు పెట్టలేదు.

పిల్లలకు బండి సరదా కోసమేనని ఎవరైనా అంటే, మా ఊళ్లు వాళ్లకు తెలియవు. పొద్దున్నే పాలు పాలకేంద్రానికి చేర్చాలి. టమాటా గంపలు చేవెళ్ల మార్కెట్‌కు పోవాలి. మందు కొట్టే రోజు పొలానికి నాలుగుసార్లు తిరగాలి. నాన్నకు ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది కొడుకే, ఒక్కోసారి కూతురే. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలయ్యాక ఆడపిల్లలు ఆర్టీసీ బస్సులో ఉచితంగా కాలేజీకి పోతున్నారు. అది ఎన్నో ఇళ్లలో చదువు నిలబెట్టింది. కానీ బస్సు ఆగేది రోడ్డు మీది స్టేజీ దగ్గర. స్టేజీ నుంచి ఊరికి రెండు మూడు కిలోమీటర్లు. సాయంత్రం చీకటి పడ్డాక ఆ దూరం ఆడపిల్లకు నడకతో తీరేది కాదు. ఆటో దొరికితే దొరికినట్టు. బండి నేర్చుకున్న ఆడపిల్ల ట్యూషనుకు పోతుంది, ఉద్యోగానికి పోతుంది, వాళ్లమ్మను బ్యాంకుకు తీసుకుపోతుంది. ఇంట్లో అన్నకు నేర్పేందుకు మామ ఉంటాడు, చెల్లెలికి నేర్పేందుకు ఎవరూ రారు. వెంచర్‌లో నేర్చుకోవడానికి వెళ్తే చుట్టూ చేరే కుర్రాళ్ల మాటలకు ఇంటికి తిరిగొచ్చేస్తుంది. ఆడపిల్లకు కాంపౌండు ఉన్న మైదానం, నేర్పే ఆడమనిషి ఉంటే ఆ ఇల్లే మారిపోతుంది.

మంత్రి గారూ, మా తాతలు ఈత నేర్పిన తీరు గుర్తు చేస్తాను. నడుముకు బెండు కట్టి, మెట్ల బావిలో, పైన ఒకరు లోపల ఒకరు నిలబడి నేర్పారు. వరదొచ్చిన మూసీలోకి తోసి నేర్చుకోమన్న తండ్రి ఎవరూ లేరు. బీజాపూర్ రోడ్డు మీద మేం ఇవాళ చేస్తున్నది ఆ పని. దాన్ని ఆపమనే అడుగుతున్నాను.

ఇది ఎక్కడా లేని కోరిక కూడా కాదు. బ్రిటన్‌లో 1990 డిసెంబర్ నుంచి మోటార్ సైకిల్ నేర్చుకునే ప్రతివాళ్లూ రోడ్డెక్కే ముందు ఒక ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. ముందు హెల్మెట్, బట్టలు, బండి భాగాల గురించి చెబుతారు. తర్వాత ఖాళీ యార్డులో నడిపిస్తారు. ఆ పైన గురువు వెంట ఉండగా కనీసం రెండు గంటలు అసలు రోడ్డు మీద తిప్పుతారు. జపాన్‌లో డ్రైవింగ్ స్కూళ్లకు లోపలే సిగ్నళ్లతో, మలుపులతో సొంత రోడ్లుంటాయి. గుర్తింపు పొందిన స్కూల్లో నేర్చుకుని పాసైతే లైసెన్సు కేంద్రంలో మళ్లీ నడిపి చూపించక్కర్లేదు. మన దేశంలోనూ 2021 జూలై 1 నుంచి ఇదే పద్ధతిలో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు నిబంధనలు వచ్చాయి. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, కార్లకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి ఆ నిబంధనలు అడిగే నేల ఒక ఎకరం. లారీలకూ బస్సులకూ అయితే రెండెకరాలు. అంటే నేను కొత్త చట్టం అడగడం లేదు. ఉన్న నిబంధనను మా రెండు మండలాల్లో అమలు చేయమంటున్నాను.

ఈ రెండు మండలాల్లో ఎకరం ధర ఎంత పలుకుతోందో నాకు తెలుసు. 111 జీవో వల్ల ఏళ్ల తరబడి జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో నిర్మాణాలకు అడ్డుంది, మొయినాబాద్ ఊళ్లు చాలా వరకు అందులోనివే. 2022లో ఆ ఆంక్షల మీద ప్రభుత్వం మాట మారాక భూమి చూసే కళ్లన్నీ మారాయి. అయినా ఫామ్‌హౌసులకు, రిసార్టులకు, కన్వెన్షన్ హాళ్లకు వందల ఎకరాలు దొరికిన చోట పిల్లల ప్రాణాలకు మండలానికి ఒక ఎకరం దొరకదంటే నేను నమ్మను. దానికి భవనం అక్కర్లేదు. చదును చేసిన నేల, దాని చుట్టూ కంచె, లోపల ఒక చెట్టు నీడ చాలు.

అందుకే నా అభ్యర్థనలు ఇవి.

మొదటిది, చేవెళ్లలో ఒకటి, మొయినాబాద్‌లో ఒకటి, ప్రభుత్వ భూమిలో కంచె వేసిన శిక్షణ మైదానం. అందులో ఒక పక్క తారు, ఒక పక్క మట్టి, కొంత మేర కావాలని పోసిన కంకర, ఒక ఎత్తు, ఒక పల్లం, ఒక ఇరుకు మలుపు. మా పిల్లలు రోజూ చూసే రోడ్డు చిన్న రూపంలో అక్కడ ఉండాలి.

రెండవది, ప్రతి మైదానానికి తర్ఫీదు పొందిన ఇద్దరు శిక్షకులు. వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఉదయం కాలేజీ వేళకు ముందు, ఆదివారం రోజంతా మైదానం తెరిచి ఉండాలి. వారంలో కొన్ని పూటలు ఆడపిల్లలకే.

మూడవది, నేర్చుకునే బండ్లు, హెల్మెట్లు మైదానంవే కావాలి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదై ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించేదాకా బండి తాళం చేతికివ్వకూడదు. సరైన హెల్మెట్ ప్రమాదంలో మరణించే అవకాశాన్ని 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన తేల్చింది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్లే. మొదటి రోజు నుంచి హెల్మెట్‌తోనే నేర్చుకున్న పిల్లవాడికి అది లేకుండా బండెక్కడం జీవితాంతం వెలితిగా అనిపిస్తుంది. ఆ అలవాటు పోలీసును చూసి రాదు.

నాలుగవది, ఎల్ఎల్ఆర్‌కూ పరీక్షకూ మధ్య ఉన్న ఆ 30 రోజులను నిజమైన పాఠాల రోజులుగా మార్చండి. హాఫ్ క్లచ్ మీద నడక వేగంతో పోవడం, రెండు బ్రేకులతో గీత మీద ఆపడం, మలుపుకు ముందే వేగం తగ్గించి చూపును మలుపు చివర పెట్టడం, అద్దం చూసి, తల తిప్పి చూసి, ఇండికేటర్ వేసి పక్కకు రావడం, చివరగా శిక్షకుడు వెంట రాగా రోడ్డు మీద ఒక ప్రయాణం. ఇవన్నీ చేసినట్టు శిక్షకుడు సంతకం పెట్టాకే ఎనిమిది వేయించండి.

ఐదవది, పద్దెనిమిది నిండని పిల్లలను బండెక్కించకండి, కానీ వదిలేయకండి. జూనియర్ కాలేజీల్లో రోడ్డును చదవడం నేర్పండి. ఎదుటి బండి ఏం చేయబోతోందో దాని ముందు చక్రం చూసి ఎట్లా చెప్పొచ్చో, పెద్ద లారీ డ్రైవరుకు ఏ పక్క మనం కనపడమో, వేగం పెరిగితే ఆగే దూరం ఎట్లా పెరుగుతుందో తరగతి గదిలోనే చెప్పొచ్చు. చూపు, మలుపు, సైగ సైకిల్ మీదే మైదానంలో నేర్పొచ్చు. రేపు బండెక్కే రోజున వాళ్ల కళ్లు అప్పటికే సిద్ధమై ఉంటాయి.

ఖర్చు గురించి అధికారులు అడుగుతారు. చలాన్ల మీద వచ్చే డబ్బులో కొంత, వాహనం కొన్న ప్రతిసారీ మేం కట్టే జీవిత పన్నులో కొంత ఇటు మళ్లించండి. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్నో ఉన్నాయి, వాటి విద్యార్థులే రేపు ఈ మైదానానికి ఎక్కువగా వస్తారు. వాటినీ వాటా అడగండి, ఇస్తాయి. పెద్ద బండ్ల డ్రైవర్లకు శిక్షణనివ్వడానికి సిరిసిల్ల దగ్గర సంస్థ కట్టుకున్న రాష్ట్రం మనది. స్ప్లెండర్ నడిపే పిల్లవాడికి ఎకరం నేల చదును చేయడం దానికి భారం కాబోదు.

ఈ లేఖ చదివే మా ఊళ్ల తల్లిదండ్రులకూ ఒక మాట. మైదానం వచ్చాక పిల్లలను పంపాల్సింది మీరే. "మావాడికి బండి ఎప్పుడో వచ్చు" అని గొప్పగా చెప్పుకోకండి. వచ్చినది బండి కదిలించడం మాత్రమే కావొచ్చు. పద్దెనిమిది నిండేదాకా తాళం మీ దగ్గరే ఉంచండి. నిండిన రోజున కొత్త బండి కొనివ్వడానికి ముందు మంచి హెల్మెట్ కొనివ్వండి. కొడుకును పంపిన మైదానానికే కూతురినీ పంపండి.

మంత్రి గారూ, నాలుగు వరుసల రోడ్డు పూర్తయితే ప్రమాదాలు తగ్గుతాయని అందరం ఆశపడుతున్నాం. ఎదురెదురుగా ఢీకొనడం తగ్గుతుంది, నిజమే. కానీ వెడల్పైన రోడ్డు వేగాన్ని కూడా పెంచుతుంది. అప్పుడు నేర్చుకోని పిల్లవాడికి ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే రోడ్డు పని సాగుతుండగానే మైదానం పనీ సాగాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు చేవెళ్లలోనూ మొయినాబాద్‌లోనూ ఒక్కో ఎకరం గుర్తించమని జిల్లా యంత్రాంగానికి ఆదేశం ఇవ్వండి. ఏ సర్వే నంబరు, ఎవరు శిక్షకులు, ఏ తేదీన తెరుస్తారు అన్నది బహిరంగంగా ప్రకటించండి. ఇక్కడ నడిచిన పద్ధతిని తర్వాత ప్రతి మండలానికీ తీసుకుపోవచ్చు. ఎల్ఎల్ఆర్ చేతికందిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆ కాగితంతో పాటే మైదానానికి రావాల్సిన మొదటి రోజు, వేళ కూడా రాసి ఇవ్వండి.

ఇట్లు,
చేవెళ్ల–మొయినాబాద్ దారి మీద బతుకుతున్న ఒక పౌరుడు